బార్‌క్లీలో డాక్టర్ జెన్నర్ ఇల్లు: టీకా కథ కోసం వెళ్లేవాళ్లు తోటకి టైం మిగుల్చుకోండి

ముందు పేరు సంగతి. రాసేది బెర్క్‌లీ అనే, పలికేది మాత్రం బార్‌క్లీ. ఫోన్‌లో ఊరి పేరొక్కటే కొడితే లండన్‌లో ఒక వీధికో అమెరికాలో యూనివర్సిటీ ఊరికో దారి చూపిస్తుంది కాబట్టి పక్కన గ్లోస్టర్‌షైర్ అని కూడా కొట్టండి. బ్రిస్టల్‌కీ గ్లోస్టర్‌కీ మధ్య, సెవర్న్ నది పక్కన పల్లపు నేలలో, పాడికి పేరుపడ్డ చిన్న ఊరది. మశూచికి టీకా తెచ్చిన ఎడ్వర్డ్ జెన్నర్ 1749 మే 17న అక్కడే పుట్టాడు, 1823 జనవరి 26న అక్కడే పోయాడు. మధ్యలో లండన్‌లో గడిపిన కాలం తీసేస్తే బతుకంతా ఆ చుట్టుపక్కల పల్లెల్లో వైద్యం చేశాడు. 1785లో 600 పౌండ్లు పెట్టి కొన్న ‘చాంట్రీ’ అనే ఇల్లే ఇప్పటి డాక్టర్ జెన్నర్ ఇల్లు, మ్యూజియం, తోట.

ఇది చిన్న మ్యూజియం. లండన్ సైన్స్ మ్యూజియం లెక్కలో ఊహించుకుని వెళ్తే, ఇంతేనా అనిపించవచ్చు. సైన్స్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకీ, పక్షుల పిచ్చి ఉన్నవాళ్లకీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కోటలూ షాపింగ్ మాల్‌లూ చూపించి అలిసిపోయినవాళ్లకీ సగం రోజు హాయిగా గడుస్తుంది. కాకపోతే చూసే వరస మార్చుకోవాలి. చాలామంది నేరుగా ఇంట్లోకి వెళ్లి, అద్దాల పెట్టెలన్నీ చదివి, కాళ్లు లాగుతున్నాక తోటని ఒక చుట్టు చుట్టి వచ్చేస్తారు. తోటతో మొదలుపెట్టండి. పొలాల్లో గూళ్లు వెతుక్కుంటూ తిరిగిన మనిషి ముందు అర్థమైతేనే లోపలున్న, టీకా గీతలు గీసే లాన్సెట్ కత్తి ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

మన స్కూలు పుస్తకాల్లో జెన్నర్‌కి దక్కేది రెండు లైన్లు: పాలు పితికే అమ్మాయిలకి మశూచి రాదని గమనించాడు, టీకా కనిపెట్టాడు. టీకాకి ఏళ్ల ముందే లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుందనీ, 1789లో దక్కిన ఆ గౌరవం ఒక పక్షి పిల్ల చలవ అనీ ఆ రెండు లైన్లలో పట్టలేదు.

ఆ పక్షి కక్కూ. మన కోయిలకి చుట్టమే. కోయిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టే ఇది పిచ్చుకంత పక్షుల గూళ్లలో పెట్టిపోతుంది. పిల్ల బయటికొచ్చిన కొద్ది గంటల్లోనో రోజుల్లోనో గూట్లోని అసలు గుడ్లూ పిల్లలూ మాయమవుతాయి. తోసేస్తున్నదెవరు? పెంచే తల్లే తోసేస్తుందని అప్పట్లో గట్టి నమ్మకం. జెన్నర్ కూడా మొదట అలాగే రాశాడు. గూళ్ల మీద కన్నేసి ఉంచమని మేనల్లుడికి అప్పగించి, అతని మాట నమ్మి 1787లో రాయల్ సొసైటీకి వ్యాసం పంపించాడు. ఆ జూన్‌లోనే తన కళ్లతో చూసింది వేరుగా ఉండేసరికి వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. జూన్ 18న డన్నాక్ అనే చిన్న పిట్ట గూట్లో కక్కూ గుడ్డు ఒకటి, డన్నాక్‌వి మూడు ఉన్నాయి. మర్నాడు చూస్తే కక్కూ పిల్ల ఒకటి, డన్నాక్ పిల్ల ఒకటి మిగిలాయి. గూడు కంచె పొద అంచుకే ఉండటంతో లోపల జరిగేదంతా కనిపించింది. ఇంకా కళ్లు తెరవని కక్కూ పిల్ల వెనక్కి జరుగుతూ రెండో పిల్ల కిందికి దూరి, దాన్ని వీపు మీదికి ఎక్కించుకుని, రెక్కల మొదళ్లతో పడిపోకుండా పట్టుకుని, గూటి గోడని పాకుతూ ఎక్కి అంచు మీంచి కిందికి దొర్లించింది. దొర్లించాక కాసేపు అక్కడే ఆగి, పడిందా లేదా అన్నట్టు రెక్కల కొసలతో తడిమి చూసుకుంది.

జెన్నర్ అక్కడితో ఆగలేదు. పిల్లని చేతిలోకి తీసుకుని వీపు చూశాడు. రెండు భుజాల మధ్య చిన్న గుంట, గుడ్డు కుదురుగా కూచునేంత. సుమారు పన్నెండు రోజులకి ఆ గుంట పూడి, మిగతా పక్షి పిల్లల వీపులాగే అయిపోతుంది. తోసే బుద్ధి కూడా దానితోపాటే తగ్గిపోతుంది. సవరించిన వ్యాసం 1788లో అచ్చయింది. నమ్మినవాళ్లతో పాటు నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత వందేళ్లు దాటినా ఆయన్ని అబద్ధాలకోరన్నవాళ్లు పోలేదు. 1920ల మొదట్లో కెమెరాకి చిక్కాక గానీ గొడవ సద్దుమణగలేదు. మన కోయిల పిల్ల ఇంత కటువుది కాదు, చాలాసార్లు కాకి పిల్లల పక్కనే పెరుగుతుంది. అందుకే ఈ సంగతి మనకి కొత్తగా తోస్తుంది.

సొంత తప్పు పట్టుకుని, అచ్చుకి వెళ్లబోతున్న వ్యాసాన్ని వెనక్కి లాక్కున్న ఈ మనిషిని మనసులో పెట్టుకుని తోటలో నడవండి. కక్కూ పాట వినాలంటే ఏప్రిల్ చివర నుంచి జూన్ వరకే అదను. ఆగస్టులో వెళ్తే పెద్ద కక్కూలు ఎప్పుడో ఆఫ్రికా దారి పట్టి ఉంటాయి. ఇంగ్లండ్‌లో వీటి సంఖ్య బాగా పడిపోయింది కాబట్టి జూన్‌లో వెళ్లినా వినిపిస్తుందన్న హామీ లేదు. డన్నాక్ మాత్రం ఏడాది పొడుగునా పొదల కింద బూడిద గోధుమ రంగులో నేలబారున గింజలు ఏరుకుంటూ కనిపిస్తుంది. పిచ్చుకే అనుకుని దాటిపోతారు. ముక్కు చూడండి, పిచ్చుకకి ఉన్నంత లావు ఉండదు, సన్నగా ఉంటుంది.

తలెత్తితే ఇంకో పక్షి. వానకోవెలలా కనిపించే స్విఫ్ట్‌లు ఎండాకాలంలో చర్చి మీదా పాత ఇళ్ల చూర్ల దగ్గరా అరుస్తూ తిరుగుతుంటాయి. చలికాలంలో ఇవి ఎక్కడికి పోతాయి అన్నది ఆ రోజుల్లో పెద్ద చర్చ. చెరువుల అడుగున బురదలో నిద్రపోతాయని చదువుకున్నవాళ్లు కూడా నమ్మేవారు. జెన్నర్ ఒక రైతు ఇంటి దగ్గర పన్నెండు స్విఫ్ట్‌లని పట్టించి, ఒక్కోదాని కాలికి రెండేసి గోళ్లు తీసేసి వదిలాడు. చెరగని గుర్తు అన్నమాట. మరుసటి ఏడు అవే గూళ్లు సాయంత్రం పూట వెతికిస్తే గుర్తున్న పక్షులు చాలానే దొరికాయి. ఏడేళ్లయ్యాక ఒక పిల్లి నోట కరుచుకుని రైతు వంటింట్లోకి తెచ్చిన పక్షి కూడా గోళ్లు లేనిదే. కాళ్లకి ఉంగరాలు తొడిగే పద్ధతి రావడానికి శతాబ్దం ముందు మాట ఇది. గోళ్లు పీకడం ఈనాటి కళ్లకి బాధగానే ఉంటుంది, దాన్ని దాచాల్సిన పనీ లేదు. వలస పక్షుల మీద ఆయన వ్యాసం ఆయన పోయాక 1824లో వచ్చింది.

ఈ చూపు ఎక్కడ అబ్బిందంటే, సగం ఊళ్లో, సగం లండన్‌లో. అయిదో ఏటనే తల్లీ తండ్రీ పోయారు, అన్నలూ అక్కలూ పెంచారు. చిన్నప్పుడు గూళ్లూ శిలాజాలూ పోగేసేవాడు. పద్నాలుగేళ్లకి అటూ ఇటూగా చిప్పింగ్ సాడ్‌బరీలో ఒక సర్జన్ దగ్గర శిష్యరికం, 1770లో లండన్ వెళ్లి జాన్ హంటర్ ఇంట్లోనే ఉండి చదువు. హంటర్ సర్జన్లలో పెద్ద పేరు, దొరికిన ప్రతి జంతువునీ కోసి చూసే రకం. కెప్టెన్ కుక్ మొదటి యాత్ర నుంచి వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ తెచ్చిన నమూనాలని సర్దే పని కూడా జెన్నర్‌కి అప్పగించారు. రెండో యాత్రకి రమ్మంటే కాదని 1773కల్లా ఊరికి వచ్చేశాడు. ఆ తర్వాత హంటర్‌కీ ఆయనకీ మధ్య ఏళ్ల తరబడి ఉత్తరాలు. కక్కూ గుడ్లు పంపు, ఒంటి నిండా ముళ్లుండి చలికి ముడుచుకుని నిద్రపోయే హెడ్జ్‌హాగ్ ఒంట్లో వేడి ఎంతో థర్మామీటర్ పెట్టి చూడు, ఇలా సాగేవి హంటర్ కోరికలు. 1775లో రాసిన ఉత్తరంలో అయితే నీ ఊహ సబబే గానీ ఊహించడం దేనికి, చేసి చూడరాదా అని మెత్తగా చీవాట్లు పెట్టాడు.

ఊళ్లో పని తీరు మన పాత ఆర్‌.ఎం‌.పి. డాక్టర్లకి దగ్గరగా ఉంటుంది, సైకిలు బదులు గుర్రం. నీలం కోటు, పసుపు గుండీలు, మెరిసే బూట్లకి వెండి ముళ్లు, చేతిలో వెండి పిడి కొరడా: స్నేహితుడు ఒకాయన రాసిపెట్టిన వేషం ఇది. రోగిని చూడటానికి వెళ్తూ దారిలో దొరికిన గూడో శిలాజమో జేబులో వేసుకొచ్చేవాడు. వయొలిన్, ఫ్లూట్ వాయించేవాడు, పద్యాలూ రాశాడు. రాడ్‌బరోలో ఒక సత్రంలో, ఆల్వెస్టన్‌లో ఇంకో సత్రంలో చుట్టుపక్కల డాక్టర్లు కలుసుకుని భోజనం చేస్తూ కేసులు చదువుకునేవారు. గుండెనొప్పితో పోయిన రోగుల గుండెకి నెత్తురు తెచ్చే నాళాలు గట్టిపడి ఉండటం జెన్నర్ కంటపడింది. హంటర్‌కి అదే జబ్బని అనుమానం వచ్చి, గురువు భయపడతాడేమోనని ఆ సంగతి అచ్చు వేయకుండా ఊరుకున్నాడు. 1784లో బార్‌క్లీ కోట ఆవరణలోంచి హైడ్రోజన్ బెలూన్ కూడా ఎగరేశాడు. ఇనుప రజను మీద గంధకామ్లం పోస్తే వచ్చే వాయువే దానికి దన్ను. అది కింగ్స్‌కోట్ అనే ఊరి వైపు వెళ్లి దిగింది. కాథరిన్ కింగ్స్‌కోట్‌ని ఆయన 1788లో పెళ్లాడాడు. బెలూనే పెళ్లి కుదిర్చిందని ఊళ్లో చెప్పుకునే మాటకి అంత బలం లేదు గానీ, వినడానికి బాగుంటుంది.

తోటలో తప్పక ఆగాల్సింది చెట్ల మధ్యనున్న చిన్న గుడిసె దగ్గర. ‘టెంపుల్ ఆఫ్ వాక్సీనియా’ అని, అంటే టీకా గుడి అని, జెన్నరే నవ్వుతూ పేరు పెట్టుకున్నాడు. బెరడు తీయని మొద్దులూ ముడులూ పేర్చిన మొరటు పని. ఫెరీమన్ అనే మతగురువు మిత్రుడు కట్టించి ఇచ్చాడు. ఊరి పేదలకి డబ్బు తీసుకోకుండా ఇక్కడే టీకాలు వేసేవాడు. ఒక గదికి మించి లేదు. వాన రోజున తలుపు దగ్గర నిలబడి చూడండి. తడి ఆకుల వాసన, మొద్దుల మధ్య నల్లటి సందులు, లోపల పట్టేది పదిమంది కూడా కాదు. వరస బయటికి తోటలోకి సాగి ఉంటుందని చెప్పకుండానే తెలుస్తుంది. పేరులో టెంపుల్ ఉంది కదా అని పాలరాయి ఊహించుకున్నవాళ్లు తోట పనిముట్ల గది అనుకుని పక్కనుంచి వెళ్లిపోవచ్చు. ద్రాక్ష తీగ కూడా చూడండి. లండన్ దగ్గరి హాంప్టన్ కోర్ట్‌లో 1768లో నాటిన పేరుమోసిన తీగ ఉంది కదా, దాని కొమ్మ అంటుతో వచ్చిన తీగ ఇది.

ఇంట్లోకి వెళ్లాక నిదానంగా చూడాల్సింది 1796 మే 14 సంగతి. గైడ్లు, యూట్యూబ్ వీడియోలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి, అసలు పనితనం అంతా అక్కడే ఉంది. సారా నెల్మ్స్ అనే పాలు పితికే అమ్మాయి చేతికి, బ్లాసమ్ అనే ఆవు పొదుగు నుంచి కౌపాక్స్ అనే పొక్కుల జబ్బు అంటింది. ముల్లు గీరుకున్న చోట బొబ్బ లేచింది. దాని రసి తీసి జెన్నర్ తోటమాలి కొడుకు, ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ చేతి మీద అర అంగుళం చొప్పున రెండు గీతలు గీసి అంటించాడు. లోతు చర్మం పైపొరకే, నెత్తురు కారేంత కాదు. ఏడో రోజు చంకలో సలుపు. తొమ్మిదో రోజు చలి, తలనొప్పి, అన్నం సయించలేదు. పదో రోజుకి కుర్రాడు మామూలే. జూలై 1న అసలు మశూచి పుండు రసే అంటించాడు. జబ్బు రాలేదు. కొన్ని నెలలకి మళ్లీ అంటించినా రాలేదు.

కన్నవాళ్లు ఒప్పుకున్నా ఇది ఈనాటి ఎథిక్స్ కమిటీ ముందు నిలిచే పని కాదు. అయితే ఆ కాలంలో అసలు మశూచినే కొద్దిగా అంటించడం మామూలు వైద్యమే అన్నది గుర్తుపెట్టుకోవాలి. జెన్నర్‌కి కూడా ఎనిమిదో ఏట అంటించారు. ముందు వారాల తరబడి నెత్తురు తీసి, విరేచనాలకిచ్చి, పస్తులు పెట్టి, ఆనక మిగతా పిల్లలతో కలిపి ఒక కొట్టంలో ఉంచారు. అలా అంటించుకున్నవాళ్లలో కొందరు చనిపోయేవారు, బతికినవాళ్లు ఇతరులకి అంటించేవారు. కౌపాక్స్ నుంచి మాత్రం పక్కవాడికి గాలిలో అంటుకునే భయం లేదు. జెన్నర్ పద్ధతికి ఉన్న బలమంతా ఆ తేడాలోనే ఉంది.

ఒక్క కుర్రాడితో రాసిన వ్యాసాన్ని 1797లో రాయల్ సొసైటీ తిప్పికొట్టింది. ఇంకొన్ని కేసులు చేద్దామంటే ఆవుల్లో కౌపాక్సే లేదు. అది ఏటా వచ్చే జబ్బు కాదు. 1798 వసంతం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు 23 కేసులు, నాలుగు రంగుల బొమ్మలతో 75 పేజీల పుస్తకం సొంత ఖర్చుతో వేయించాడు. మొదటి బొమ్మ సారా నెల్మ్స్ చెయ్యి. ఆ బొమ్మ కనిపిస్తే ఊరికే దాటకండి. మణికట్టు దగ్గరి పెద్ద బొబ్బ అంచు ఉబ్బి, నడుమ లోపలికి నొక్కినట్టు ఉంటుంది. అసలైన కౌపాక్స్‌ని ఉత్త పుండ్ల నుంచి వేరు చెయ్యడానికి డాక్టర్లకి దారి చూపింది ఆ గుర్తే.

ఎందుకంటే టీకా ఎక్కువగా చెడిపోయింది అక్కడే. ఆవు పొదుగు మీద వచ్చే పుండ్లన్నీ కౌపాక్స్ కావు. దేన్నో అంటించి, మశూచి వచ్చాక జెన్నర్ అబద్ధమాడాడన్నవాళ్లు ఉన్నారు. రెండోది, రసి తీసే రోజు. అంటించిన వారానికి అటూ ఇటూగా బొబ్బలో నీళ్లలా తేటగా ఉన్న రసే పనికొస్తుంది. ఆలస్యమైతే అది చీమవుతుంది, చీముతో పుండు లేస్తుంది గానీ రక్షణ రాదు. మూడోది, దాచడం. దారానికి అద్ది ఆరబెట్టేవారు, రెండు గాజు పలకల మధ్య ఒత్తేవారు, ఈకల మొనకి పట్టించేవారు. వేడి తగిలితే చచ్చిపోయేది. నాలుగోది, కల్తీ. లండన్‌లో మశూచి ఆసుపత్రిలోనే టీకాలు వేస్తే రసిలో అసలు మశూచి కలిసిపోయి, టీకా వేయించుకున్నవాళ్లకి ఒళ్లంతా పొక్కులు వచ్చాయి. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎక్కించడంలో సిఫిలిస్ లాంటి సుఖరోగాలూ ఎక్కేవి. ఆ పద్ధతిని ఇంగ్లండ్‌లో 1898లో చట్టం చేసి ఆపేదాకా ఆ ముప్పు పోలేదు. జెన్నర్ సొంత పొరపాటు కూడా ఉంది. ఒకసారి వేస్తే జీవితాంతం కాపు అన్నాడు. కాదు, కొన్నేళ్లకి మళ్లీ వేయించుకోవాల్సిందే.

ఇక పాలమ్మాయి కథ. ‘నాకు కౌపాక్స్ వచ్చింది, ఇక మశూచి రాదు’ అని ఒక అమ్మాయి అనగా విని కుర్రాడు జెన్నర్‌కి బుర్ర వెలిగిందన్న కథ ఆయన పోయాక జీవిత చరిత్ర రాసినాయన పెట్టింది. ఆ మాట ఆ పల్లెల్లో అందరికీ తెలిసిందే. పక్కనే థార్న్‌బరీలో ఫ్యూస్టర్ అనే డాక్టర్ 1760ల్లోనే ఇది గమనించి మాట్లాడాడు. డార్సెట్‌లో బెంజమిన్ జెస్టీ అనే రైతు 1774లో పెళ్లానికీ ఇద్దరు కొడుకులకీ కుట్టుసూది లాంటి దానితో కౌపాక్స్ అంటించేశాడు, ఊళ్లోవాళ్లు రాళ్లు విసిరినంత పని చేశారు. జెన్నర్‌ని పొగడాల్సింది మొదట ఊహించినందుకు కాదు. కక్కూ గూటి దగ్గర చేసినట్టే చేసి, మళ్లీ మశూచి అంటించి చూసి, ఏ రోజు ఏమైందో వరసగా రాసి, పక్క డాక్టరు అదే చేసి చూడగలిగేలా అచ్చు వేసినందుకు. పేటెంటు తీసుకుని డబ్బు చేసుకోనూ లేదు. అడిగినవాడికల్లా రసి పంపిస్తూ పోస్టు ఖర్చులకే సతమతమయ్యాడు. పార్లమెంటు 1802లో 10,000 పౌండ్లు, 1807లో 20,000 పౌండ్లు ఇచ్చాక గానీ తేరుకోలేదు.

బ్లాసమ్ గురించి అడిగే పిల్లలు తప్పకుండా ఉంటారు. దాని తోలు ఇక్కడ లేదు, లండన్‌లో సెయింట్ జార్జ్ వైద్య విద్యాలయంలో గోడకి ఉంది. కొమ్ముల సంగతే తమాషా. బ్లాసమ్ కొమ్ములని చెప్పేవి ఒక ఆవుకి ఉండాల్సినదాని కంటే ఎక్కువే చలామణిలో ఉన్నాయి.

తెలుగువాళ్లకి ఇంకో తీగ కూడా తగులుతుంది. ఓడలో నెలల ప్రయాణం కాబట్టి దారాలకి అద్దిన రసి ఇండియా చేరేలోపు వేడికి చచ్చిపోయేది. చివరికి వియన్నా నుంచి బాగ్దాద్, బస్రాల మీదుగా, దారిలో మనిషి చేతి నుంచి మనిషి చేతికి కూడా మారుస్తూ బొంబాయి తెచ్చారు. 1802 జూన్ 14న అక్కడ మూడేళ్ల అనా డస్ట్‌హాల్ చేతి మీద అది పట్టింది. ఆ పాప చేతి రసితో మిగతా చోట్లకీ మద్రాసుకీ పాకింది. మన ఊళ్లలో అప్పటికి మశూచి అంటే అమ్మవారు పోయడమే. వేపమండలు, పసుపు నీళ్లు, పోచమ్మకి మొక్కులు. అమ్మవారు వచ్చిన ఇంట్లో కత్తి గాటు పెట్టడం ఒప్పుకునే మాటేనా! ఆ బెరుకు పోవడానికి తరాలు పట్టింది. ఇండియాకి మశూచి పోయిందని 1977 ఏప్రిల్‌లో, లోకమంతటికీ పోయిందని 1980 మే 8న ప్రకటించారు.

అందుకే ఈ ఇంటికి అమ్మమ్మ తాతయ్యల్ని తీసుకెళ్తే పిల్లలకి అద్దాల పెట్టెల కంటే వాళ్ల చెయ్యే ఎక్కువ చెబుతుంది. డెబ్బైల నాటికి పుట్టి ఉన్నవాళ్లలో చాలామంది చేతి మీద పైసా బిళ్లంత గుండ్రటి మచ్చ, మధ్యలో గుంటలు గుంటలుగా ఉంటుంది. అది మశూచి టీకా మచ్చ. ఎడమ భుజం మీద చిన్నగా ఉన్నది క్షయ టీకా బీసీజీ మచ్చ కావచ్చు, రెంటినీ కలిపెయ్యకండి.

చివరగా దారీ తెన్నూ. ఊళ్లోకి రైలు లేదు. దగ్గరి స్టేషన్ క్యామ్ అండ్ డర్స్‌లీ, అక్కడినుంచి టాక్సీ ముందే మాట్లాడుకోవాలి, దిగాక దొరుకుతుందిలే అంటే ఇబ్బందే. కారైతే ఎం5 మీద బ్రిస్టల్ వైపు నుంచి 14వ జంక్షన్, గ్లోస్టర్ వైపు నుంచి 13వ జంక్షన్ దిగి ఏ38 పట్టుకోండి. మ్యూజియం చారిటీ నడుపుతున్నది, ఏడాది పొడుగునా రోజూ తెరిచి ఉండదు. టికెట్ ధర, తెరిచే రోజులు వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ వారమే చూసుకోండి, పాత బ్లాగులు నమ్మి చలికాలంలో వెళ్తే తాళం కనిపిస్తుంది. మూడు వందల ఏళ్ల నాటి ఇల్లు కాబట్టి మెట్లు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎంతవరకు చూడగలరో ఫోన్ చేసి అడగడం మంచిది. ఊరు చిన్నది, ఆదివారాలు తిండి దొరుకుతుందన్న భరోసా పెట్టుకోకుండా పులిహోర డబ్బా వేసుకెళ్లండి. లోపలా తోటా కలిపి రెండు గంటలు చాలు. తోటకి ముప్పావు గంట తక్కువ కాకుండా.

మిగిలిన సమయానికి బార్‌క్లీ కోట అడుగు దూరంలోనే ఉంది, 1327లో రెండో ఎడ్వర్డ్ రాజు చనిపోయింది ఆ కోటలోనే. పక్షుల కోసం వచ్చినవాళ్లు కోట వదిలేసి ఏ38 మీద కాస్త పైకి వెళ్లి స్లిమ్‌బ్రిడ్జ్ చూడండి. పీటర్ స్కాట్ 1946లో పెట్టిన నీటిపక్షుల కేంద్రం అది. చలికాలంలో మ్యూజియం మూసి ఉన్నా అక్కడికి ఉత్తరపు హంసలూ బాతులూ దిగుతాయి.

పక్కనే సెయింట్ మేరీ చర్చి. దాని గంటల గోపురం చర్చికి తగలకుండా వేరుగా నిలబడి ఉంటుంది, చూడగానే ఏదో కూలిపోయిందేమో అనిపిస్తుంది గానీ అలా కట్టిందే. తెరిచి ఉంటే లోపలికి వెళ్లి పూజాపీఠం వైపు నడవండి, జెన్నర్ సమాధి అక్కడే, కుటుంబంతో పాటు. ఫిప్స్‌కి ఊళ్లో అద్దె లేకుండా ఇల్లిచ్చి, దాని ముందు గులాబీలు తనే నాటించిన మనిషి ఆయన. ఆ ఇంట్లోనే 1968 నుంచి కొన్నేళ్లు మొదటి జెన్నర్ మ్యూజియం నడిచింది. జపాన్ దాత ఒకరి డబ్బుతో 1985లో చాంట్రీకి మారింది. చర్చి సందులోంచి బయటికి వచ్చేటప్పుడు ఆ కుటీరం కూడా చూసి రండి, రెండు నిమిషాల పని.